తీసివేత నేర్పుదాం, 4వ భాగం: అప్పు కాదు, విప్పు

పోయిన భాగంలో చెప్పిన పని అయిందా? కొబ్బరి ఈనెల్ని వేలెడేసి ముక్కలుగా విరిచి, పదేసి లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించమన్నాను. కట్టలు మీరు కట్టి ఇవ్వొద్దు, పిల్లలే కట్టాలి అని కూడా అన్నాను, ఎందుకంటే తన చేత్తో పది లెక్కపెట్టి బిగించిన కట్టయితేనే లోపల పది ఉన్నాయన్న నమ్మకం ఉంటుంది. ఉద్దానం వైపు వాళ్ళకి ఈనెలకి కొదవ లేదు, మిగతావాళ్ళు ఇంట్లో అరిగిపోయిన చీపురొకటి చూసుకోండి. పలాస వైపు వాళ్ళకి జీడిపిక్కలు గుర్తొస్తాయేమో, వద్దండీ బాబూ, పచ్చి పిక్క తొక్కలో జీడి చేతికంటితే పొక్కుతుంది. చింతపిక్కలు పరవాలేదు గానీ అవి కట్టకి రావు, ఇవాళ మనకి కావలసింది కట్టే.

ఇవాళ్టి పని ఒక్కటే, ఆ కట్టని విప్పడం.

మన చిన్నప్పుడు దీన్నే "పక్కింట్లోంచి అప్పు తెచ్చుకో" అని నేర్పారు. నేనూ చాన్నాళ్ళు అలాగే చెప్పాను. విజయనగరంలో మా అరుగు మీద సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు కూర్చుంటారు. వాళ్ళలో మూడో తరగతి గుంట ఒకర్తి ఓ రోజు లెక్కంతా సరిగ్గా చేసి, పెన్సిలు కింద పెట్టి, "మరి ఆ అప్పు ఎప్పుడు తీర్చీయాలి మేస్టారూ?" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పంటే తీర్చాల్సిందే కదా, ఇంట్లో రోజూ వినే మాటే అది. కానీ లెక్కలో ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ పడలేదు, పది రూపాయల నోటు కొట్టుకి పట్టుకెళ్ళి పది రూపాయి బిళ్ళలు చేసుకొచ్చాం, అంతే, జేబులో డబ్బు పెరగలేదు, తరగలేదు. ఆ రోజు నుంచి నేను అప్పు మానేసి విప్పు అంటున్నాను.

నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు చాప మీద పెట్టించండి. ఎన్ని? నలభై రెండు. ఇక్కడ తెలుగు మనకి భలే సాయం చేస్తుంది, నలభై అంటే పాత నలుబది, నాలుగు పదులు. ఇరవై ఇరువది, ముప్పై ముప్పది. ఓ రోజు సరదాగా ఈ పాత పేర్లతోనే లెక్కపెట్టించండి, ఏ పేరులో పది ఎక్కడ దాక్కుందో వాళ్ళే పట్టేస్తారు.

ఇప్పుడు ఒక కట్ట విప్పించండి. (బ్యాండు పంటితో లాగుతారు, అది ఎగిరి మంచం కిందకి పోతుంది, అదో అయిదు నిమిషాలు.) మూడు కట్టలు, పన్నెండు విడివి అయ్యాయి. ఇప్పుడు అడగండి, మొత్తం ఎన్ని పుల్లలు?

అడిగి ఊరుకోండి, అందించకండి. "నలభై రెండే కదా, ఇందాక చెప్పాను" అని విసుక్కుంటే ముందుకి వెళ్ళొచ్చు. అలా కాక ఒకటి నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలెడితే ఇవాళ్టికి పాఠం ఆపేయండి. రేపు మళ్ళీ కట్టించండి, విప్పించండి, అడగండి, వారం పట్టినా టెన్షన్ పడొద్దు. ఈ ప్రశ్న దాటకుండా పలకా కాగితం పట్టుకున్న పిల్లలు లెక్కలు చేస్తారు గానీ ఏం చేస్తున్నారో వాళ్ళకే తెలియదు.

సరే, 42లోంచి 17 తీద్దాం. ఏడు విడి పుల్లలు ఇమ్మంటే ఉన్నవి రెండే, కాబట్టి కట్ట విప్పాలి. విప్పిన పదినీ పాత రెండింటిలో కలిపెయ్యనీయకుండా కాస్త పక్కగా పెట్టించండి. పన్నెండులోంచి ఏడు తియ్యమంటే చాలామంది పదకొండు, పది, తొమ్మిది అని వేళ్ళు మడుస్తూ వెనక్కి వస్తారు, మధ్యలో ఒకటి జారిపోతుంది. దానికంటే ఏడూ ఆ పదిలోంచే తీసేస్తే మూడు మిగులుతాయి, పాత రెండూ కలిపితే అయిదు. రెండో భాగంలో ఆడించిన "పదికి ఎంత తక్కువ" ఆట ఇందుకే. ఇక కట్టలు మూడున్నాయి, ఒకటి తీస్తే రెండు. 25. తీసిన పదిహేడూ మళ్ళీ కలిపించి 42 వస్తుందో లేదో వాళ్ళనే చూసుకోమనండి.

కాగితం మీద పదులు, ఒకట్లు అని రెండు గళ్ళు గీసి ఇదే రాయించండి. 4 కొట్టేసి పైన 3, 2 పక్కన చిన్న 1. ఆ చిన్న 1 ఏంటని అడిగితే "ఇప్పుడు విప్పిన కట్ట" అని రావాలి. మొదటి వారం పుల్లలతో ఒక అడుగు, కాగితం మీద ఒక అడుగు, రెండూ పక్కపక్కనే నడవాలి.

ఇక తప్పులు. ఇదే లెక్కకి 35 అని రాసిచ్చారనుకోండి, వెంటనే ఇంటూ కొట్టకండి, ఎలా చేశావో చెప్పమనండి. ఒకడు 2లోంచి 7 రాదు కాబట్టి 7లోంచే 2 తీసేసి 5 వేసుంటాడు. ఇంకొకడు చక్కగా కట్ట విప్పి, పన్నెండులోంచి ఏడు తీసి అదే 5 వేసి, విప్పిన కట్ట ఇక లేదన్న సంగతి మర్చిపోయి 4లోంచి 1 తీసుంటాడు. ఇద్దరి జవాబూ 35, రోగాలు మాత్రం వేరు. మొదటివాడికి చాప మీద రెండు పుల్లలు చూపించి "ఇందులోంచి ఏడు ఇయ్యిరా" అనాలి, రెండోవాడికి ఖాళీ బ్యాండు చేతిలో పెట్టి ఈ కట్ట ఏమైందని అడగాలి. ఇద్దరికీ కలిపి ఇంకో పది లెక్కలు ఇంపోజిషన్ ఇస్తే ఇద్దరూ ఇంకో పది తప్పులు చేస్తారు, అంతే.

విప్పడం వచ్చిన కొత్తలో అవసరం లేకపోయినా విప్పేస్తారు. మా అరుగు మీద ఒకడు 48లోంచి 13 తీసి 215 తేల్చాడు. 18లోంచి 3 పోతే 15, మూడు కట్టల్లో ఒకటి పోతే 2, పక్కపక్కన రాసేశాడు. అందుకే అభ్యాసం కలిపి ఇవ్వండి: 61 − 34, 86 − 52, 50 − 23, 48 − 13, 74 − 38. ముందు జవాబులొద్దు, వేటికి కట్ట విప్పాలో మాత్రం చెప్పమనండి.

నాలుగో తరగతి వాళ్ళుంటే ఇంకొకటి. మన గురజాడ 1862లో పుట్టి 1915లో పోయారు, తేడా ఎంత? ఒకట్లు హాయిగా వస్తాయి, ఇబ్బంది పదుల దగ్గర, 1లోంచి 6 రాదు. పది కట్టలు కలిపి కట్టిన వంద మూట ఒకటి విప్పితే పదకొండు కట్టలవుతాయి. జవాబు 53.

చివరిది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, పార్వతీపురం మన్యం జిల్లా 2022లో. 2022లోంచి 1979 తియ్యమనండి. ఒకట్ల దగ్గర ఒక కట్ట విప్పుతారు, పదుల దగ్గరికొచ్చి మూట కోసం పక్కకి చూస్తే వందల చోట సున్నా కూర్చుని ఉంటుంది. అక్కడ ఏం చేస్తారో చూడండి, ఏం రాసినా చెరపనీయకండి. అయిదో భాగం ఆ సున్నా దగ్గరే మొదలెడదాం.