ఇంటి నెట్ మీదే, టార్ గుండా బిట్‌కాయిన్ నోడ్

వాలెట్ యాప్ మీకు బ్యాలెన్స్ చూపించాలంటే ఎవరిదో ఒక సర్వర్‌ని అడగాలి. అలా అడిగిన ప్రతిసారీ ఈ అడ్రస్‌లన్నీ ఒకే మనిషివని ఆ సర్వర్‌కి అర్థమవుతుంది, పక్కనే మీ ఐపీ కూడా పడుతుంది, అంటే విశాఖలో ఫలానా కనెక్షన్ వాడే మనిషి దగ్గర ఇంత ఉందని ముక్కూమొహం తెలియని వాళ్ల లాగ్‌లో రాసి ఉంటుందన్నమాట. సొంత నోడ్, అంటే బిట్‌కాయిన్ లెక్కంతా దించుకుని తానే సరిచూసుకునే ప్రోగ్రామ్, ఉంటే ఆ అడగడమేదో ఇంట్లోనే అయిపోతుంది. కానీ నోడ్‌ని మామూలు నెట్ మీద వదిలేస్తే, ఈ ఐపీలో బిట్‌కాయిన్ నోడ్ నడుస్తోందని కనెక్ట్ అయిన ప్రతివాడికీ తెలుస్తుంది. అందుకే టార్, అంటే మీ ట్రాఫిక్‌ని వేరే మెషీన్ల గుండా తిప్పి ఐపీని దాచే నెట్‌వర్క్.

ఇది మైనింగ్ కాదు, రూపాయి రాదు. ఎక్స్ఛేంజిలో పాన్ ఇచ్చి కొన్నవాటి లెక్క వాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది, లాభం మీద 30 శాతం పన్నూ కట్టాల్సిందే. టార్ వల్ల అవేవీ మారవు.

మెషీన్ సంగతికొస్తే, అందరూ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనమంటారు గానీ వైజాగ్‌లో నేనైతే పాత లాప్‌టాప్‌కే ఓటేస్తా. కరెంటు పోతే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, రాస్ప్‌బెర్రీకి లేదు. ఇంకొకటి చాలామందికి తట్టదు: రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు వచ్చాక నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా పాత టైమే చూపిస్తుంది, టైమ్ తప్పుగా ఉంటే టార్ కనెక్ట్ కాదు. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి. డిస్క్ మాత్రం ఎస్ఎస్‌డీయే పెట్టండి, హార్డ్ డిస్క్ మీద సింక్ (చైన్ మొత్తం దించుకుని సరిచూడటం) నత్తనడకే. మొత్తం చైన్, అంటే ఇప్పటిదాకా జరిగిన లావాదేవీల బ్లాకులన్నీ కలిపి, 600 జీబీ దాటిపోయింది కాబట్టి 1 టీబీ కావాలి, లేదంటే ప్రూన్=550 అని పెడితే పాత బ్లాకులు చెరిపేసుకుంటూ పోతుంది, అయితే డౌన్‌లోడ్ మాత్రం మొత్తం చెయ్యాల్సిందే. అదే లాప్‌టాప్‌లో స్పారో లాంటి వాలెట్ వాడితే ప్రూన్ చేసిన నోడ్ సరిపోతుంది. ఫోన్ వాలెట్ కలపాలంటే మధ్యలో ఎలక్ట్రస్ లాంటి సర్వర్ కావాలి, దానికి పూర్తి చైన్ ఉండాలి. ఇది ముందే తేల్చుకోండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇల్లయితే కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, ఉప్పుగాలికి పోర్టులు తుప్పుపడతాయి.

టార్‌తో మనలాంటి వాళ్లకి ఇంకో పెద్ద లాభం ఉంది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ వైపు ఐపీ) చూడండి, అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే గేటు ఉన్నట్టు చాలా ఇళ్లకి ఒకే పబ్లిక్ ఐపీ, బయటివాడికి మీ తలుపు దొరకదు, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనికిరాదు. ఆనియన్ సర్వీస్‌కి, అంటే టార్ లోపలే ఉండే అడ్రస్‌కి, ఈ గొడవ లేదు, కనెక్షన్ లోపలి నుంచే బయటికి వెళ్తుంది కాబట్టి రౌటర్ జోలికే పోనక్కర్లేదు.

డెబియన్ గానీ ఉబుంటు గానీ వేసి టార్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చెయ్యండి. టార్ బ్రౌజర్‌తో నెట్టుకురాకండి, దాని పోర్ట్ 9150, పైగా బ్రౌజర్ మూసేస్తే అదీ పోతుంది. టార్ సెట్టింగుల ఫైల్ టార్‌ఆర్‌సీలో కంట్రోల్‌పోర్ట్ 9051, కుకీఅథెంటికేషన్ 1 అనే లైన్లు ఆన్ చేసి, నోడ్ నడిపే యూజర్‌ని డెబియన్-టార్ గ్రూపులో కలిపి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఈ చివరిది మర్చిపోతే కుకీ (టార్‌కి నోడ్ చూపించాల్సిన తాళంచెవి లాంటి ఫైల్) చదవడానికి పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తుంది. తర్వాత నోడ్ సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ దించుకుని, షా256 జాబితాతోనూ (ఫైళ్ల వేలిముద్రల పట్టిక) దాని మీద ఉన్న జీపీజీ సంతకాలతోనూ సరిచూడండి, బద్ధకించకండి. దాని సెట్టింగుల ఫైల్ బిట్‌కాయిన్ డాట్ కాన్ఫ్‌లో ఇవి రాయాలి, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఖాళీల్లేకుండా:

ప్రాక్సీ=127.0.0.1:9050
లిజన్=1
బైండ్=127.0.0.1
ఓన్లీనెట్=ఆనియన్

రెండో లైన్ తప్పనిసరి. ప్రాక్సీ పెట్టగానే కోర్ జాగ్రత్త కోసం లిజన్‌ని తనంతట తనే ఆపేస్తుంది, దాంతో ఆనియన్ అడ్రస్ కూడా పుట్టదు, బయటికెళ్లే కనెక్షన్లు మాత్రం బాగానే పనిచేస్తుంటాయి కాబట్టి ఏదో తేడా ఉందన్న అనుమానం కూడా రాదు. బైండ్ లైన్ వల్ల నోడ్ ఈ మెషీన్ లోపలి వైపే వింటుంది. నాలుగోది లేకపోతే మామూలు ఐపీ పీర్లతోనూ (మీతో కలిసే అవతలి నోడ్‌లు) టార్ ఎగ్జిట్‌ల (టార్ నుంచి మామూలు నెట్‌లోకి వదిలే చివరి మెషీన్లు) గుండా మాట్లాడుతుంది, మీ ఐపీ దాగే ఉంటుంది గానీ ట్రాఫిక్ ఎగ్జిట్ నడిపేవాళ్ల చేతుల మీదుగా పోతుంది.

స్టార్ట్ చేశాక కాసేపు పీర్లు సున్నా చూపిస్తే టెన్షన్ పడకండి. డీబగ్ లాగ్‌లో టార్ సర్వీస్ ఐడీ ఇచ్చినట్టు ఒక లైన్ వస్తుంది, అందులో 56 అక్షరాల ఆనియన్ అడ్రస్, చివర 8333 ఉంటే పని అయినట్టే. తర్వాత నోడ్‌కి ఆజ్ఞలిచ్చే బిట్‌కాయిన్-సీఎల్ఐలో నెట్‌ఇన్ఫో కొట్టి చూడండి. బయటికెళ్లే కనెక్షన్లన్నీ ఆనియన్ గడిలోనే ఉండాలి, ఐపీవీ4 కింద బయటికెళ్లే కనెక్షన్ ఒక్కటి కనిపించినా ఆపేసి ఫైల్ మళ్లీ చదవండి.

మొదటి సింక్ టార్ మీద రోజుల తరబడి సాగుతుంది. డీబీక్యాష్ (నోడ్ ఎంత ర్యామ్ వాడుకోవచ్చో చెప్పే లైన్, ఎంబీల్లో) సింక్ అయ్యేదాకా 4000కి పెంచండి. కొందరు మామూలు నెట్ మీద సింక్ చేసేసి తర్వాత టార్‌కి మారమంటారు, తొందరగా అవుతుంది నిజమే, కానీ ఆ కొన్నాళ్లూ మీ ఐపీ పీర్లందరికీ కనిపిస్తుంది. దాచుకోవడానికే ఇదంతా చేస్తున్నప్పుడు మొదటి అడుగులోనే చూపించుకోవడం నాకు నచ్చదు. టార్ వాడుతున్నారని మాత్రం నెట్ ఇచ్చేవాళ్లకి తెలుస్తుంది, అది కూడా వద్దనుకుంటే బ్రిడ్జ్‌లు (బహిరంగ జాబితాలో లేని టార్ ప్రవేశద్వారాలు) పెట్టుకోవాలి.

ఒక ప్రమాదం ఉంది. ఆనియన్ అడ్రస్‌లు పుట్టించడానికి పైసా ఖర్చు లేదు, ఒకడే వందల నోడ్‌లు పెట్టి మీ పీర్లందరూ తనవాళ్లే అయ్యేలా చెయ్యొచ్చు. దొంగ కాయిన్లు అంటగట్టలేడు గానీ కొత్త బ్లాకులు మీకు చేరకుండా తొక్కిపెట్టగలడు. అందుకని నమ్మకమైన స్నేహితుడి నోడ్ ఒకటి యాడ్‌నోడ్ లైన్‌తో శాశ్వత పీర్‌గా చేర్చుకోండి, కుదిరితే టార్ లాంటి ఇంకో నెట్‌వర్క్ ఐ2పీకి చెందిన ఐ2పీడీ ప్రోగ్రామ్ కూడా వేసి, ఐ2పీసామ్=127.0.0.1:7656 లైన్‌తో పాటు ఓన్లీనెట్=ఐ2పీ అని ఇంకో లైన్ చేర్చండి. రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఒకేసారి చుట్టుముట్టడం కష్టం.

డేటా ఫోల్డర్‌లో ఆనియన్ వీ3 ప్రైవేట్ కీ అనే చిన్న ఫైల్ ఉంటుంది. మెషీన్ మార్చినా అదే అడ్రస్ కావాలంటే దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అడ్రస్ మార్చాలనుకుంటే నోడ్ ఆపి, ఆ ఫైల్ తీసేసి మళ్లీ స్టార్ట్ చెయ్యండి, కొత్తది పుడుతుంది.