పాత నల్ల కుట్టుమిషను మొరాయిస్తోందా? లక్షణం చూసి కారణం పట్టండి

బంగారు రంగు పూల డిజైను, పోత ఇనుము ఒళ్ళు, కింద తొక్కుడు స్టాండు లేదా పక్కన చేతి పిడి. ఇలాంటి నల్ల మిషను మీ ఇంట్లో మూలన పడి ఉన్నా, పాత సామాన్ల కొట్లో చూసి ముచ్చటపడి కొన్నా ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇవి అరిగిపోయి ఆగిపోవడం అరుదు. ఎండిపోయిన నూనె, తప్పు సూది, తప్పుగా ఎక్కించిన దారం, పేరుకున్న పీచు... ఎక్కువ ఫిర్యాదుల వెనక ఉండేది ఇవే. మనవాళ్ళు మాత్రం ముందు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి. కనబడిన స్క్రూలన్నీ తిప్పేశాక అసలు లోపం ఏదో, మనం తెచ్చిపెట్టింది ఏదో మెకానిక్కు కూడా అంతుపట్టదు.

అందుకే ఇక్కడ ప్రతి సమస్యకూ ఖర్చులేని పని ముందు చెప్పాను, స్క్రూ తిప్పే పని చివరికి పెట్టాను.

ముందుగా: మీది ఏ రకం?

బ్రాండు పేరు కంటే బాబిన్ (కింది దారం చుట్టే చిన్న రీలు) ఎక్కడ పడుతుందో చూడటం ఎక్కువ ఉపయోగం. గుండ్రటి బాబిన్‌ను కేసులో పెట్టి, మిషనుకు ఎడమ చివర నుంచి లోపలికి నొక్కుతున్నారంటే అది సింగర్ 15 క్లాస్, లేదా దాని నమూనాలో వచ్చిన మిషను. 1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన ఉషా నల్ల మిషన్లు, లూధియానాలో తయారైన అనేక బ్రాండ్లు ఎక్కువగా ఈ కుటుంబమే. కేసు, బాబిన్, స్ప్రింగు, దాదాపు అన్నీ ఈరోజుకీ కొట్లో దొరుకుతాయి. మొదటి పాత మిషను కొనేవాళ్ళకు నా సలహా ఎప్పుడూ ఇదే రకం.

సూది ముందున్న జారుడు రేకు తీస్తే పైనుంచే గుండ్రటి బాబిన్ పడుతుందా? అయితే సింగర్ 66 లేదా 99 తరహా. రేకు కింద పడవ ఆకారపు షటిల్ (పైదారాన్ని అందుకుని కింది దారంతో కలిపే భాగం), అందులో సన్నని పొడవాటి బాబిన్ కనిపిస్తే అది 27, 28, 127, 128 కుటుంబం.

సింగర్ అయితే పీట మీద కుడివైపు అచ్చు వేసిన నంబరు చూడండి. ముందు అక్షరం లేకుండా ఉత్త అంకెలే ఉంటే 1900కు ముందుది. ‘వై’ అక్షరంతో మొదలైతే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920ల నుంచి 1930ల మధ్య వరకు తయారైన వాటిలో ఒకటి. ‘ఈఏ’, ‘ఈబీ’, ‘ఈసీ’ లాంటి జంట అక్షరాలు ఆ తర్వాతివి, అవీ క్లైడ్‌బ్యాంక్‌వే. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఇత్తడి బిళ్ళను, పూల స్టిక్కర్లను మాత్రం నమ్మకండి, వాటిని మార్చడం చాలా తేలిక.

చక్రం అసలు తిరగడం లేదు

ఎక్కువమంది భయపడేది దీనికే. నిజానికి ఇది బాగా నయమయ్యే జబ్బు.

సూది, బాబిన్ కేసు తీసేయండి. చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిగింపు స్క్రూని లూజు చేసి చక్రాన్ని తిప్పి చూడండి. చక్రం ఒక్కటే హాయిగా తిరిగితే పట్టేసింది లోపలి భాగం. చక్రం కూడా తిరగకపోతే అది తిరిగే ఇరుసు దగ్గరే నూనె ఎండిపోయింది.

తర్వాత ఇది గమనించండి: కొంచెం కదిలి ప్రతిసారీ ఒకేచోట ఠక్కున ఆగుతోందా? అయితే షటిల్ వెనక దారం చుట్టుకుని ఉంటుంది. 15 క్లాస్‌లో షటిల్‌ను పట్టి ఉంచే రింగుకు రెండు స్క్రూలో, రెండు చిన్న మీటలో ఉంటాయి. వాటిని విప్పి, షటిల్ బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో ఆ గూడంతా శుభ్రం చేయండి. ఎప్పటిదో దారం ముక్క ఒకటి బయటపడితే ఆశ్చర్యపోకండి.

పిసరు కూడా కదలకపోతే కారణం ఎండిన నూనె. మన ఇళ్ళలో మిషను కిర్రుమనగానే చేతికందేది కొబ్బరినూనె సీసా. రెండు చుక్కలు వేస్తే ఆ పూటకి సాఫీగానే నడుస్తుంది. కానీ వంటనూనెలు గాలి తగిలి, ఏళ్ళ తరబడి జిగురుగా మారతాయి, కొన్నైతే చివరికి వార్నిష్‌లా గట్టిపడతాయి. ఆముదమైనా జిగురెక్కుతుంది. ఆ జిగురును కరిగించాలి, బలంతో విరగ్గొట్టకూడదు.

కిరోసిన్ దొరికితే సరే సరి. రేషన్ కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి హార్డ్‌వేర్ కొట్లో అమ్మే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే వాడొచ్చు. నూనె వేసే ప్రతి రంధ్రంలో, ఇనుము ఇనుముకు రాసుకునే ప్రతిచోటా చుక్కలు వేయండి. ఎడమ మూత విప్పితే సూది కడ్డీ, ఫుట్ (బట్టను నొక్కిపట్టే పాదం) కడ్డీ కనబడతాయి, అక్కడా వేయండి. మిషన్ను వెనక్కి వాల్చి అడుగున ఉన్న కీళ్ళన్నిటికీ వేయండి. మర్చిపోయేది ఎక్కువగా చక్రం ఇరుసు, ఆ తర్వాత అడుగు కీళ్ళు. ఇంట్లో పొయ్యి, దీపం దగ్గర ఈ పని వద్దు, కిటికీలు తెరిచి పెట్టుకోండి.

రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఆడించండి. గోరంత కదిలినా గెలిచినట్టే. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఆడించడం. రెండు మూడు రోజులు పట్టినా పట్టొచ్చు. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో ఆ భాగాన్ని కాస్త వేడి చేయండి. పటకారుతో చక్రం తిప్పడం, సుత్తితో తట్టడం మాత్రం చేయకండి. లోపలి కడ్డీలు వంగితే ఇక నిజంగానే బాగుకాదు.

గోధుమరంగు మురికి కారడం ఆగి, చక్రం ఒక వేలితో తిరిగే దాకా వచ్చాక అంతా తుడిచేసి అసలైన మిషన్ ఆయిల్ వేయాలి. కిరోసిన్ శుభ్రం చేస్తుంది తప్ప నూనెలా కాపాడదు, అలాగే వదిలేస్తే తుప్పు. నూనె రంధ్రాల్లో గ్రీజు పెట్టడం కూడా తప్పే.

చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు

బాబిన్‌కు దారం చుట్టాక మధ్య స్క్రూ బిగించడం మర్చిపోయారేమో చూడండి. బిగించినా జారుతుంటే, ఆ స్క్రూ వెనకున్న చెవుల వాషరు తిరగబడి ఉంటుంది. ఎవరో శుభ్రం చేసి తిరిగి పెట్టేటప్పుడు జరిగే పొరపాటిది. తీసి సగం చుట్టు తిప్పి పెట్టండి. ఇంతకు మించి ఏమీ ఉండదు.

బట్ట అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా గుంపు పడుతోంది

అడుగున గుంపు కనబడగానే అందరి చెయ్యీ బాబిన్ కేసు మీదికే పోతుంది. తప్పు కింద లేదు, పైన ఉంది. పైదారానికి పట్టు లేకపోతే కింది దారం దాన్ని అడుగుకు లాగేసుకుంటుంది. అడుగున కనబడే ఆ గుంపు పైదారమే. పైన ఒక రంగు, బాబిన్‌లో ఇంకో రంగు దారం పెట్టి కుడితే క్షణంలో తెలిసిపోతుంది.

మొదటి పని: ఫుట్ పైకెత్తి దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉండి దారం వాటి మధ్యలోకి దిగదు. పైకీ కిందికీ ఆడే మీట కన్నంలోంచి దారం వెళ్ళిందో లేదో కూడా చూడండి.

తర్వాత పరీక్ష: ఫుట్ దించి దారం లాగితే బిగువుగా రావాలి, ఎత్తి లాగితే వదులుగా రావాలి. దించినా వదులుగానే వస్తే బిళ్ళల మధ్య పీచో తుప్పో ఉంది. ఒక సన్నని గుడ్డ పీలికను కిరోసిన్‌లో తడిపి బిళ్ళల మధ్య అటూ ఇటూ లాగండి. ఎత్తినా బిగువుగానే ఉంటే బిళ్ళలను విడదీసే పిన్ను పట్టేసింది. పక్కన తీగలా ఉండే చిన్న స్ప్రింగు విరిగిందేమో చూడండి. అది విరిగితే ఎంత బిగించినా కుట్టు సరిగా రాదు. కొత్తది పెద్ద ఖర్చేం కాదు.

బట్ట పైన ఉచ్చులు పడితే మాత్రం బాబిన్ వైపు చూడాలి. కేసును దారంతో వేలాడదీసి చిన్నగా ఒక కుదుపు ఇవ్వండి. కొద్దిగా జారి ఆగాలి. సర్రున జారిపోతే వదులు, కదలకపోతే బిగువు. కేసు పక్కనున్న చిన్న స్క్రూని పావు చుట్టు కంటే తక్కువే తిప్పి మళ్ళీ చూడండి. ఆ స్క్రూ ఊడి కింద పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరుచుకుని కూర్చోండి.

కుట్టు మధ్యలో దాటేస్తోంది

సూది మార్చండి. పాతది బాగానే ఉందనిపించినా సరే, ముందు మార్చండి.

ఈ ఇంటి మిషన్లకు ఒకవైపు చదునుగా ఉండే హెచ్‌ఏ×1 సూది కావాలి. టైలరు దుకాణాల్లోని పవర్ మిషన్ల గుండ్రటి డీబీ×1 సూది ఇందులో దూరుతుంది, బిగుస్తుంది కూడా, కానీ కుట్టు పడదు. మామూలు నూలు బట్టకు 14 నంబరు, పలచటి వాయిల్‌కు 11, మందంగా ఉంటే 16.

ఇక దిశ. 15 క్లాస్‌లో చదును భాగం ఎడమకు, దారం కుడి నుంచి ఎడమకు. 66, 99లలో దీనికి సరిగ్గా తలకిందులు: చదును కుడికి, దారం ఎడమ నుంచి కుడికి. అనుమానం వస్తే సూదిని గోటితో తడమండి. పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం లోపలికి వెళ్ళాలి. సూదిని పైకంటా తోసి బిగించాలి, కాస్త కిందికి ఉన్నా కుట్టు తప్పుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా దాటుతుంటే చక్రం మెల్లగా తిప్పి చూడండి. సూది అట్టడుగుకు పోయి 2 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి షటిల్ కొన సూది కన్నానికి కాస్త పైగా వచ్చి దారాన్ని అందుకోవాలి. అందుకోకపోతే సూది కడ్డీ జారింది, లేదా షటిల్ కొన మొద్దుబారింది. నా మటుకు ఇక్కడ స్క్రూడ్రైవర్ కింద పెట్టి అనుభవం ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళడం మేలు.

దారం పదేపదే తెగుతోంది

అమ్మ డబ్బాలోని పాత రీళ్ళు చూడ్డానికి బాగుంటాయి, కానీ నూలు దారం ఏళ్ళు గడిస్తే నీరసిస్తుంది. చేత్తో లాగితే పుటుక్కుమంటే మిషనును తిట్టకండి. కొత్త దారం కూడా తెగుతుంటే సూది రేకు కన్నం అంచును వేలితో తడమండి. పాత సూదులు గుద్దుకుని గరుకెక్కి ఉంటే నూనెలో తడిపిన బాగా సన్నని ఎమరీ పేపరుతో నునుపు చేయాలి. షటిల్ కొనను కూడా అలాగే తడిమి చూడండి.

తొక్కుడు మిషను కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంకో కారణం ఉంది. చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి. కాలు ఆగి మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, లేదా చిక్కుపడుతుంది. మొదట కుడిచేత్తో చక్రాన్ని మీ వైపుకు తిప్పి, ఆ ఊపులోనే కాలు కలపండి.

బట్ట ముందుకు జరగడం లేదు

సూది రేకు విప్పి, బట్టను జరిపే పళ్ళ మధ్య చూడండి. పీచు నొక్కుకుపోయి బిళ్ళ కట్టి ఉంటుంది, సూదిమొనతో గీకి తీయండి. కుట్టు పొడవు మీట సున్నా దగ్గర ఉందేమో, ఫుట్ ఒత్తిడి స్క్రూ బాగా పైకి వచ్చేసిందేమో చూస్తే ఇక మిగిలేది తక్కువ.

తొక్కితే బరువుగా ఉంది, లేదా బెల్టు జారుతోంది

రెండూ ఒకదానికొకటి ముడిపడినవే. బెల్టు జారుతోందని బాగా బిగిస్తే మిషను బరువెక్కుతుంది. ముందు బెల్టు తీసేసి విడివిడిగా చూడండి. పైన మిషను తేలిగ్గా తిరిగి, కింద తొక్కుడు బరువుగా ఉంటే పెద్ద చక్రం ఇరుసుకు, తొక్కుడు పలకకు, ఆ రెంటినీ కలిపే కడ్డీ కీళ్ళకు నూనె వేయండి. తోలు బెల్టు సాగితే కొక్కెం విప్పి ఒక సెంటీమీటరు మాత్రమే కోసి మళ్ళీ తగిలించండి. బెల్టుకు నూనె తగలకూడదు.

తర్వాతి కాలంలో ఎవరో మోటారు బిగించి ఉంటే, వైర్ల తొడుగు పగుళ్ళిచ్చిందేమో చూడకుండా ప్లగ్గు పెట్టకండి. పాత రబ్బరు తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. అలాంటి వైరింగు మొత్తం మార్పించాల్సిందే.

తుడుస్తుంటే బంగారు పూలు చెరిగిపోతున్నాయి

వెంటనే ఆపండి. ఈ మిషన్ల మీది పూలు అతికించిన పలచటి బొమ్మలు, వాటిమీద చాలావరకు లక్క వార్నిష్ పూత ఉంటుంది. స్పిరిటు, శానిటైజరు, థిన్నరు ఆ పూతను కరిగిస్తాయి. అద్దాలు తుడిచే స్ప్రేలో అమ్మోనియా ఉంటే బంగారం వెండిలా తెల్లబోతుంది. గిన్నెల పీచు, లోహం మెరిపించే పాలిష్ గురించి చెప్పక్కర్లేదు. దూదికి మిషన్ ఆయిల్ అద్ది, కనబడని మూలలో ముందు రాసి చూసి, తర్వాత మెల్లగా మురికి ఎత్తండి. ఒకేసారి కాకుండా కొన్ని విడతల్లో చేస్తే మేలు. క్రోమ్ భాగాల తుప్పుకు బాగా సన్నని స్టీలు ఊలు, నూనె సరిపోతాయి, పూల దగ్గరికి మాత్రం తీసుకుపోకండి.

మొత్తం గీకించి కొత్త రంగు వేయించేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సేకరించేవాళ్ళు చెదిరిన పాత పూలకు ఇచ్చే విలువ తళతళలాడే కొత్త పెయింటుకు ఇవ్వరు.

ఎవరో ఫోన్ చేసి లక్షలు ఇస్తామంటున్నారు

ఇది మిషను జబ్బు కాదు, మనుషులది. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో ‘రెడ్ మెర్క్యురీ’ అనే విలువైన పదార్థం ఉందని పుకారు లేచి ధరలు ఆకాశాన్నంటాయి. మొబైల్ ఫోను దగ్గర పెడితే తెలిసిపోతుందని కూడా ప్రచారం జరిగింది. అంతా బూటకమే. సూదిలో ఉందని చెప్పేవాళ్ళనైతే ఒక్క మాట అడగండి: ఆ సూదిని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మార్చి పారేశారు? అడ్వాన్సు, రవాణా ఖర్చులు ముందు పంపమంటే ఫోను పెట్టేయండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఇలాంటి కబురు వస్తే వాళ్ళకూ ఇదే చెప్పండి.

నిజమైన ధర నిర్ణయించేవి వేరే ఉన్నాయి: చక్రం తిరుగుతోందా, పూలు మిగిలాయా, స్టాండు, పెట్టె, అదనపు ఫుట్‌లు ఉన్నాయా. పడవ షటిల్ రకం కొనేటప్పుడైతే డబ్బు ఇచ్చే ముందు రేకు తెరిచి షటిల్, పొడవాటి బాబిన్ ఉన్నాయో లేదో చూడండి. 15 క్లాస్‌కు కేసు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. వీటికి షటిల్ లేకపోతే బేరంలో ఎంత తగ్గించినా తీసుకోకండి.