పాత కారు రేస్ ట్రాక్ మీద మొండికేస్తే: బ్రేకులు, సస్పెన్షన్ సమస్యలు - పరిష్కారాలు

పాత కారుని సర్క్యూట్ రేసింగ్‌కి తయారుచేసేటప్పుడు అందరి చూపూ ముందు పెద్ద డిస్కుల మీద, గట్టి స్ప్రింగుల మీద పడుతుంది. తీరా అవి బిగించాక కారు ఒక్కోసారి ముందుకంటే ఎక్కువ మొండికేస్తుంది. చాలాసార్లు తప్పు కొత్త భాగానిది కాదు. పక్కనే ఉన్న పాత బేరింగో, మాస్టర్ సిలిండరో (పెడల్ నొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది), బుష్షో (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగు) ఆ కొత్త బలాన్ని మోయలేకపోతోంది. అందుకే ఇంకో భాగం కొనేముందు లక్షణం ఏమిటో, అది ఎప్పుడు వస్తోందో గట్టిగా పట్టుకోవాలి.

హిస్టారిక్ విభాగంలో పోటీపడేవాళ్లు ముందు నిబంధనలు చూసుకోవాలి. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్ఐఏ పాత కార్ల పోటీలకి పెట్టిన నిబంధనలు, అంటే అపెండిక్స్ కె ప్రకారం కారు తన కాలపు స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి. ఆ రోజుల్లో ఆ మోడల్‌కి ఆమోదం లేని డిస్కులు బిగిస్తే ఎంత బాగా పనిచేసినా ఉపయోగం లేదు.

సమస్య: కొన్ని ల్యాపులయ్యాక బ్రేక్ సరిగ్గా పట్టడం లేదు

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఏది ఏదో పెడలే చెబుతుంది.

పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోందని అర్థం. ఆయిల్ నొక్కుకుపోదు, అందులో పుట్టిన ఆవిరి నొక్కుకుపోతుంది. డాట్ 4 గ్రేడ్ బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పరిష్కారం: మరుగు స్థానం ఎక్కువున్న రేసింగ్ ఆయిల్ తాజాగా పోసి, ఎయిర్ పూర్తిగా తీసి, డిస్క్ మధ్యభాగానికి గాలి తగిలేలా డక్ట్ (గాలి గొట్టం) పెట్టడం. సిలికాన్ రకం డాట్ 5 పెయింట్‌ని పాడుచేయదు, అందుకే పాత కార్లవాళ్లకి ఇష్టం. కానీ వేడెక్కితే అది కొద్దిగా నొక్కుకుపోతుంది, కాబట్టి రేసింగ్‌కి వద్దు. కారు చల్లగా ఉన్నప్పుడే పెడల్ మెత్తగా ఉంటే మాత్రం లైన్లలో గాలి ఉండిపోయినట్టో, పాత రబ్బరు హోసులు ఉబ్బుతున్నట్టో అనుకోవాలి. హోసులైతే స్టీల్ అల్లిక ఉన్నవి వేస్తే పోతుంది.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ గానీ లైనింగ్ గానీ దాని వేడి హద్దు దాటిపోయింది. డ్రమ్ముల్లో దీనికి తోడు ఇంకో కష్టం: వేడికి డ్రమ్ వ్యాకోచించి షూకి దూరమవుతుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ డన్‌లప్ డిస్కులతో లె మాన్ గెలిచాక డిస్కుల సత్తా అందరికీ తెలిసొచ్చింది. డ్రమ్ములే ఉంచాల్సి వస్తే మంచి లైనింగు, గాలి డక్టు తప్పవు. ప్యాడ్ రకం మార్చేటప్పుడు అది చల్లగా ఉండగా ఎంత పడుతుందో కూడా అడిగి తెలుసుకోండి. వేడెక్కితేనే పట్టే ప్యాడ్‌తో మొదటి మలుపే ప్రమాదం.

సమస్య: మొదటిసారి పెడల్ లోతుగా పోతోంది, రెండోసారి బాగుంటోంది

డిస్కులు వేసిన పాత కార్లలో ఇది మామూలే. మలుపులో హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) ఊగి, డిస్క్ పక్కకి వాలి ప్యాడ్లని కాలిపర్‌లోకి (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగంలోకి) నెట్టేస్తుంది. తర్వాతి బ్రేక్‌కి ముందు ఆ ఖాళీ నిండాలి. చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా చేతులతో పట్టుకుని ఊపండి. టక్‌మని ఊగితే, పక్కన ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. ఊపు ఆగిపోతే అది బేరింగు ప్లే (వదులు), ఆగకపోతే చక్రం స్టీరింగ్‌కి తిరిగే కీలు, అంటే బాల్ జాయింటో కింగ్ పిన్నో అరిగింది. బేరింగు బాగానే ఉంటే డిస్క్ ఊపుని డయల్ గేజ్‌తో (సన్నటి కదలికని కొలిచే ముల్లు పరికరంతో) చూడాలి. ముందు బేరింగు చూడకుండా ఖరీదైన కాలిపర్ కొనడం వృథా.

సమస్య: డిస్కులకి మార్చాక బ్రేకులు వదలడం లేదు

డ్రమ్ బ్రేకుల పాత మాస్టర్ సిలిండర్లలో చాలావాటికి లోపల ఓ వాల్వ్ ఉంటుంది. అది లైన్లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముల్లో షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్కుల్లో ఆ స్ప్రింగులు లేవు, ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్ కొద్దిగా వదులు చేయండి. చక్రం ఫ్రీ అయితే లోపం మాస్టర్ సిలిండర్‌లోనో, ఖాళీ లేకుండా బిగించిన పుష్‌రాడ్‌లోనో ఉంది. అక్కడ ఫ్రీ కాక, కాలిపర్ నిపిల్ (గాలి తీసే స్క్రూ) తెరిస్తేనే అయితే హోస్ లోపల మూసుకుపోయింది. రెండింటికీ లొంగకపోతే కాలిపర్ పిస్టనే ఇరుక్కుంది.

సమస్య: గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందు లాకవుతున్నాయి

బ్రేక్ వేయగానే బరువు ముందుకి వాలి వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. పట్టు ఎక్కువున్న టైర్లు దీన్ని పెంచుతాయి. వెనక లైన్లో అడ్జస్ట్ చేసుకునే ప్రొపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టండి, లేదా వెనక వీల్ సిలిండర్ సైజు తగ్గించండి. వాన ట్రాక్‌కి సెట్టింగ్ మార్చుకోవాలని మరిచిపోవద్దు.

సమస్య: కారుని కిందికి దించాక ఇంకా ఎక్కువ ఒరుగుతోంది, గతుకుల మీద స్టీరింగ్ తనంతట తానే తిరుగుతోంది

మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు కాలులా ఉండే సస్పెన్షన్) ఉన్న కారుని దించితే కింది ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది. దాంతో రోల్ సెంటర్ (కారు ఒరిగేటప్పుడు ఇరుసులా పనిచేసే ఊహా బిందువు), కారు దిగినదానికంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. స్ప్రింగులు గట్టివైనా ఒరుగుడు తగ్గకపోవడానికి కారణం ఇదే. స్ట్రట్ అడుగున, స్టీరింగ్ ఆర్మ్‌కి పైన స్పేసర్ పెడితే ఒరుగుడూ, స్టీరింగ్ తిరుగుడూ రెండూ కొంత దారికొస్తాయి. ఆ తర్వాత స్ప్రింగ్ తీసేసి, హబ్‌ని జాక్‌తో కొంచెం కొంచెంగా ఎత్తుతూ టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఎంత మారుతోందో కొలవండి. ఇంకా మారుతుంటే టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) చివర ఎత్తు సరిచేయాలి. ఓపిక కావాల్సిన పనే, కానీ దీనికి మించి కారుని మార్చే పని నాకు తెలియదు.

మలుపు మధ్యలో ఉన్నట్టుండి పట్టు పోతోందంటే సస్పెన్షన్ బంప్ స్టాప్‌ని (కదలిక చివర్లో ఆపే రబ్బరు దిమ్మని) తాకుతోందేమో చూడండి. షాక్ అబ్జార్బర్ రాడ్‌కి ఒక నైలాన్ టై కట్టి తిప్పుకొస్తే అది ఎక్కడిదాకా జరిగిందో తెలిసిపోతుంది.

సమస్య: యాక్సిలరేటర్ తొక్కగానే వెనక యాక్సిల్ దడదడలాడుతోంది

కమాను పట్టీలు టార్క్‌కి మెలితిరిగి మళ్లీ విడిపోతున్నాయి. ముందు అరిగిన బుష్షులు, యూ-బోల్టులు చూసి, ఆ తర్వాత యాంటీ ట్రాంప్ బార్లు (యాక్సిల్ మెలితిరగకుండా పట్టే కడ్డీలు) బిగించండి. యాక్సిల్ పక్కకి జరుగుతుంటే దాన్ని బాడీకి అడ్డంగా కట్టిపట్టే పాన్‌హార్డ్ రాడ్ కావాలి.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి స్వింగ్ యాక్సిల్ (చక్రంతో పాటు సగం ఇరుసు కూడా పైకీ కిందికీ ఊగే) కార్లలో మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేచి చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ట్రయంఫే 1970లో మార్క్ 4తో స్వింగ్ స్ప్రింగ్ (మధ్యలో ఊగే వెనక కమాను పట్టీ) తెచ్చి ఈ గుణాన్ని బాగా తగ్గించింది. పాతవాటికి వెనక ఎత్తు తగ్గించి కొంచెం నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఇవ్వండి. వెనక యాంటీ రోల్ బార్ (రెండు పక్కల చక్రాలనీ కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ) మాత్రం వేయొద్దు.

సమస్య: అలైన్‌మెంట్ చేయించిన ప్రతిసారీ మళ్లీ మారిపోతోంది

పట్టున్న టైర్లు, గట్టి స్ప్రింగులు వేసిన బరువంతా చివరికి పాత రేకు మీద పడుతుంది. సస్పెన్షన్ ఆర్మ్ బాడీకి కలిసేచోట అండర్‌కోటింగ్ గీకేసి, క్రాక్ టెస్టింగ్ డైతో చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా దాని చివర డ్రిల్‌తో చిన్న రంధ్రం చేసి, పగులుని వెల్డ్ చేసి, పైన రేకు ప్లేటు వేయించాకే ఆ కారుని మళ్లీ ట్రాక్ ఎక్కించండి.