నీళ్ల ట్యాంకు కడగడం ఎలా? ముందు జిగురు, తర్వాతే బ్లీచింగ్

మా వీధిలో ట్యాంకు కడగడమంటే మూత తీసి, గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ విసిరి, మళ్లీ మూత పెట్టేయడం. సాయంత్రం కుళాయి తిప్పితే ఘాటు వాసన వస్తుంది కాబట్టి శుభ్రమైపోయిందని లెక్క. వారం తిరక్కుండా ఇంట్లో ఎవరికో విరేచనాలు పట్టుకుంటాయి. నింద మాత్రం బండి మీద తిన్న పునుగులకి.

నేనుండేది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు సంపుల్లోకి దిగినప్పటి నుంచి మా ఇంటిదీ, చుట్టాలదీ కలిపి ఎన్ని ట్యాంకులు కడిగానో లెక్కలేదు.

ప్లాస్టిక్ బ్రష్, కొబ్బరి పీచు, మగ్గు, రెండు బకెట్లు, పాత నూలు గుడ్డలు, రబ్బరు గ్లవ్స్, కొత్తగా కొన్న బ్లీచింగ్ పౌడర్ ఉంటే చాలు. స్టీలు పీచు వద్దు. దాంతో ప్లాస్టిక్ మీద గీతలు పడి, ఆ గీతల్లోనే మళ్లీ జిగురు పడుతుంది. ఆదివారం పొద్దున ఏడింటికల్లా మొదలెట్టాలి. ఎండెక్కాక నల్ల ట్యాంకులో తల పెట్టలేరు.

ముందురోజు రాత్రి మోటారు ఆపి నీళ్లు వాడేయండి. మిగిలిన నీళ్లు, అడుగున పేరుకున్న ఒండ్రు తోడేయండి. ఇంట్లోకి వెళ్లే పైపు మూతికి గుడ్డ బిరడాలా కుక్కండి. ఇది మరిస్తే మీరు గీకిందంతా కుళాయిల్లోకి దిగుతుంది.

ఇక అసలు పని. నీళ్లు ఎప్పుడూ నిలిచే ఎత్తులో గోడ మీద వేలు పెట్టి రాయండి. జర్రున జారుతుంది. గోరుతో గీకితే బెండకాయ జిగురులాంటిది వస్తుంది. చాలామంది దీన్ని పాచి అనుకుంటారు, కానీ వెలుతురు చొరబడని ట్యాంకులో పచ్చటి పాచి పెరగదు. ఇది బయోఫిల్మ్, అంటే బ్యాక్టీరియా గోడకి అతుక్కుని తమ చుట్టూ తామే స్రవించుకున్న పొర. అందులో ఎక్కువగా ఉండేవి చక్కెరల గొలుసులు, ప్రోటీన్లు. నీళ్లలో తేలే క్రిమిని క్లోరిన్ తేలిగ్గానే చంపుతుంది. జిగురులో ఉన్నదాని దాకా వెళ్లేలోపే పై పొరతో కలిసి చాలావరకు ఖర్చయిపోతుంది. పైగా అడుగునున్నవి తిండి తక్కువై మందకొడిగా బతుకుతుంటాయి, ఓ పట్టాన చావవు. నాలుగు రోజులు పోయాక పొరలో ముక్కలు ఊడి నీళ్లలో కలుస్తాయి. కలరా క్రిమికి ఈ విద్య బాగా తెలుసు. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా అయితే ఈ జిగురును మేసే అమీబాల కడుపులో దూరి మరీ పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లంటే దానికి ప్రాణం, మే నెలలో మన డాబా మీద ట్యాంకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అది తాగితే కాదు, షవర్ తుంపర పీల్చినప్పుడు ఊపిరితిత్తులకి పడుతుంది.

అందుకే ముందు రుద్దాలి, మందు తర్వాత. పైనుంచి కిందికి, చేయి నొప్పెట్టేలా రుద్దండి. గోడలు అందరూ రుద్దుతారు. వదిలేసేవి వేరే ఉన్నాయి: మూత కింద అంచు, ఫ్లోట్ బంతి అడుగు, పైపు బిగించిన చోట మరలు, అడుగున గాడి. అక్కడ గుడ్డను వేలికి చుట్టి తిప్పాలి. కడిగిన గోడ మీద వేలు రాస్తే తోమిన స్టీలు కంచంలా కిర్రుమనాలి. జారితే మళ్లీ రుద్దండి. ప్రెషర్ మిషను తెచ్చే కుర్రాళ్లు పావుగంటలో ముగిస్తారు. వాళ్లు వెళ్లాక ఫ్లోట్ బంతి కింద వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది. కడిగిన నీళ్లు మగ్గుతో, గుడ్డతో పూర్తిగా తీసేశాకే బిరడా లాగండి. సంపు అయితే ఒంటరిగా దిగొద్దు, పైన మనిషి ఉండాల్సిందే.

వెయ్యి లీటర్ల ట్యాంకుకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. ఆరుబయట బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకి దిగాక తేట మాత్రం నిండు ట్యాంకులో పోయండి. యాసిడ్‌తో కలిపారా, విషవాయువు వస్తుంది. తర్వాత ఇంట్లో ప్రతి కుళాయీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి, పైపుల్లోకి బ్రష్ పోదు కాబట్టి. కనీసం నాలుగు గంటలు, నన్నడిగితే రాత్రంతా. పొద్దున పైపులతో సహా ఖాళీ చేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి నింపుకోండి. ఖాళీ చేసిన క్లోరిన్ నీళ్లు మొక్కలకి పోయొద్దు.

ఆర్నెల్లకోసారి చాలంటారు. మూడు నెలలకోసారి కడగాల్సిందే. విద్యాధరపురం నీటిశుద్ధి కేంద్రంలో కృష్ణ నీళ్లకి ఎంత క్లోరిన్ కలిపినా, మన ట్యాంకులో ఎండకి కాగి నిలవుండేసరికి మిగిలేది తక్కువ. కడిగిన గోడ మీద కొన్ని గంటల్లోనే మళ్లీ క్రిములు అతుక్కోవడం మొదలెడతాయి.

ఇంకొకటి. వంటింటి కుళాయికి గుడ్డ కడతారు చూశారా, నెలల తరబడి తడిగా వేలాడుతూ? విప్పి వేళ్ల మధ్య నలపండి, అదే బెండకాయ జిగురు. రోజూ ఉతికి ఎండలో ఆరేస్తానంటే కట్టుకోండి, లేదంటే ఇవాళే తీసి పారేయండి.