విరేచనాల్లో ఓఆర్‌ఎస్: ఎందుకు పనిచేస్తుంది, ఎలా కలిపి తాగించాలి

పెద్దవాళ్ల పేగుల్లోకి రోజూ 8–9 లీటర్ల ద్రవం చేరుతుంది. తాగింది అందులో రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, పేగుల్లో ఊరే నీరు. దాదాపు మొత్తాన్నీ పేగులు తిరిగి పీల్చుకుంటాయి, మలంతో పోయేది 100–200 మి.లీ. మాత్రమే. ఈ పీల్చుకోవడంలో నీటికి సొంత దారి లేదు. సోడియం ముందు వెళ్తే దాని వెంటే నీరు వెళ్తుంది. ఇన్ఫెక్షన్ దెబ్బతీసేది సరిగ్గా దీన్నే.

కలరా విషం పేగు కణాల్లోని క్లోరైడ్ ద్వారాలను తెరిచిపెట్టేస్తుంది. క్లోరైడ్ బయటికి కారుతుంటే సోడియం, నీరు దాన్ని అనుసరిస్తాయి. పైగా, ఉప్పును లోపలికి పీల్చే మామూలు దారి మూసుకుపోతుంది. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా పోవచ్చు. రోటావైరస్ చేసేది వేరు: పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్లలా ఉండే చూషకాల కొనల్లోని, పీల్చుకునే కణాలనే చంపుతుంది. జీర్ణం కాకుండా మిగిలిన చక్కెర పేగులో నీటిని పట్టి ఉంచి, విరేచనాన్ని ఇంకా పెంచుతుంది.

గ్లూకోజ్‌తో జతగా సోడియం లోపలికి వెళ్లే దారి మరొకటుంది. కలరా విషం దాని జోలికి పోదు. ఓఆర్‌ఎస్ కిటుకంతా అదే. అందుకే 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు సోడియం, గ్లూకోజ్ సమానంగా 75 మిల్లీమోల్‌లు (బరువును కాదు, కణాల సంఖ్యను చెప్పే కొలత): ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., సిట్రేట్ 2.9 గ్రా.

ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసుందో అంతే కొలిచి, మొత్తం పొడి ఒకేసారి కలపాలి. కాచి చల్లార్చిన నీళ్లయితే మేలు; కలిపాక మాత్రం మరిగించకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. చెంచా గోపురంలా నింపకుండా, అంచుకు సమంగా గీకాలి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్ దొరికేదాకానే.

కొలత తప్పితే మందే ముప్పవుతుంది. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లోంచి నీటిని పేగులోకి లాగుతుంది. కూల్‌డ్రింకులు, తీపి రసాలు వద్దనేది అందుకే. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50–100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100–200 మి.లీ., పెద్దవాళ్లకు తాగగలిగినంత. కళ్లు గుంటలు పడి, దాహం ఎక్కువగా ఉంటే బరువులో కిలోకు 75 మి.లీ. లెక్కన నాలుగు గంటల్లో పట్టించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. పిల్లలకు జింక్ కూడా 10–14 రోజులు ఇవ్వాలి: రోజుకు 20 మి.గ్రా., ఆరు నెలలలోపు వాళ్లకు 10.

ఓఆర్‌ఎస్ పట్టినా విరేచనాలు తగ్గలేదని చాలామంది మధ్యలో మానేస్తారు. అది విరేచనాన్ని ఆపే మందు కాదు, పోయినదాన్ని తిరిగి నింపేది. ఆపడానికని పిల్లలకు లోపెరమైడ్ ఇవ్వడం ప్రమాదం.

పిల్లలు మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లకు మించి ముడత అలాగే నిలిచినా వెంటనే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాలి. మలంలో రక్తం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.