చిన్న తరగతులకు నేరం–శిక్షల చరిత్ర: 4వ పాఠం – జ్యూరీ కట్టిన ధర

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు చట్టాలను పరిచయం చేయమని కిందటి పాఠంలో చెబితే, చాలామంది ఉపాధ్యాయులు ‘రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష’ అని బోర్డు మీద రాసి ఊరుకున్నారనీ, పిల్లలు నోటుపుస్తకాల నిండా ఉరికంబాలు గీశారనీ మీ ఉత్తరాల వల్ల తెలిసింది. అందుచేత 1829 నాటి లండన్ పోలీసుల సంగతి వచ్చేసారికి వాయిదా వేసి, ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం.

ఆ అంకె చట్టాల్లోని నిబంధనలను లెక్కపెడుతుంది తప్ప, ఉరితీసిన మనుషులను కాదు. 1723 నాటి బ్లాక్ యాక్ట్ ఒక్కటే, ముఖానికి మసి పూసుకుని జింకల వేటకు వెళ్లడం మొదలుకొని చేపల చెరువు గట్టు తెంచడం, నాటిన చెట్లు నరకడం వరకు, దాదాపు యాభై నేరాలను ఆ జాబితాలో చేర్చింది. దొంగతనం ఒకటే అయినా దుకాణంలో జరిగితే ఒక చట్టం, ఇంట్లో జరిగితే మరొక చట్టం వర్తించేవి. పైగా మరణశిక్ష పడినవారిలో చాలామందికి రాజు క్షమాభిక్షతో అది ద్వీపాంతరవాసంగా మారేది. ఇదంతా చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం చరిత్ర బోధన కాదు, పిల్లలను బెదిరించడం.

తేదీల పట్టిక ఎలా వేయించాలో మీకు తెలిసిందే కనుక నేరుగా కేసులోకి వెళ్లండి. దుకాణంలో ఎవరి కంటా పడకుండా ఐదు షిల్లింగులు, అంతకు మించిన విలువ గల సరుకు దొంగిలిస్తే ఉరి. ఒక లేసు ముక్క ఆరు షిల్లింగులని దుకాణదారు చెప్పాడనుకోండి; జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చున్న పన్నెండుమంది సామాన్యుల బృందం, దాని విలువ నాలుగు షిల్లింగుల పది పెన్నీలని తేల్చేది. షిల్లింగుకు పన్నెండు పెన్నీలని ముందే చెప్పి ఉంచితే, ‘వాళ్లకు లెక్కలు రావా?’ అని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. ఇళ్లలో దొంగతనానికి హద్దు నలభై షిల్లింగులు. అక్కడ జ్యూరీలు ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగేవని చెబితే మిగతాది పిల్లలే పట్టుకుంటారు. అయితే ఉరి తప్పించడానికి ధర తగ్గించే ఈ దయ అందరికీ దక్కలేదని కూడా చెప్పాలి.

ఉరితీత నటింపజేయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. తీర్పును మాత్రం నటింపజేయవచ్చు.

అభ్యాసం: పన్నెండుమందిని జ్యూరీగా కూర్చోబెట్టి, అందరూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా లేవనివ్వకండి. ఆడపిల్లలనూ కూర్చోబెట్టండి, 1919 చట్టం వచ్చేదాకా వారికి అక్కడ చోటు లేదని తర్వాత చెప్పవచ్చు. కట్టిన ధర కింద కారణం కూడా రాయించండి. కారణం లేని ధరకు మార్కులు వేయవద్దు.