కంటైనర్‌కూ చెమట పడుతుంది

ఓడలో ప్యాకెట్ ఆహారం పంపేటప్పుడు నాకు సముద్రపు నీటికంటే కంటైనర్ లోపలి చెమటంటేనే ఎక్కువ భయం. పగటి వేడికి పెట్టెల్లోని, వాటి కింద ఉండే చెక్క పీటల్లాంటి ప్యాలెట్లలోని తేమ గాలిలోకి చేరుతుంది. రాత్రి చల్లబడిన పైకప్పుకు అదే బొట్లుగా పట్టి కిందికి కారుతుంది. నా మొదటి లోడులో పై వరస అట్టపెట్టెలన్నీ ఇలాగే మెత్తబడి కుంగిపోయాయి. ఇప్పుడు పక్కగోడలకు తేమ పీల్చే సంచులు వేలాడదీయకుండా తలుపు మూయనివ్వను.

పెట్టెలను మూలకు మూల కలిసేలా నిలువుగా పేర్చండి, బరువు మోసేది మూలలే. చెక్క ప్యాలెట్లపై ఐఎస్‌పీఎం 15 ముద్ర (పురుగులు పోయేలా చెక్కను శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు) ఉందో లేదో లోడింగ్‌కు ముందే చూసుకోండి. బ్యాచ్ నంబరు, పెట్టెల లెక్క కాగితాల్లోనూ లేబుల్ మీదా ఒకేలా ఉండాలి. గడువు తేదీ లెక్కలో రేవులో పడి ఉండే రోజులనూ కలపండి. ఆ టెన్షన్ నాకింకా పోలేదు.